రంగుల కొట్టు పద్దు

మొదటి పద్దు: నలుపు ఎనామిల్, అర లీటరు.
జూట్‌మిల్లు గవరయ్య. అప్పు.

మిల్లు గేటుకి తాళం పడి అప్పటికి నాలుగు నెలలు.
ఇరవయ్యేళ్లు గోనెసంచుల మీద
రేకు పెట్టి నంబర్లు కొట్టిన మనిషి.
ఇంకా నంబర్లెందుకయ్యా అన్నాను.
"నంబర్లు కాదు బావూ, మొకాలు" అన్నాడు.

జీతం బకాయి కింద మిల్లువాళ్లిచ్చింది
ఒక బండెడు గోనెపట్టా.
దాన్నే చీల్చి, చింతగింజల గంజి పట్టించి
వెదురుబద్దలకి బిగించేవాడు
డప్పుకి తోలు బిగించినట్టు.

తర్వాత పద్దు: ఎరుపు, రెండు డబ్బాలు.
ఆకాశానికట.
"ఆకాశం ఎర్రగుంటాదేటి గవరయ్యా?"
"సైరను మోగినప్పుడు ఉండేది."

ఆకుపచ్చ, పావు లీటరు: రాత్రి షిఫ్టు ఆడవాళ్ల చెంపలకి.
పసుపు, ఎప్పుడూ పసుపే, జనప దుమ్ముకి.
ఆ దుమ్ము రొమ్ములో దిగి
తెల్లారుజామున మనిషిని లేపి కూర్చోబెట్టేది.
నీలం ఒక్కసారీ అడగలేదు.
"బీమిలోళ్లకి అమ్ముకో బావూ,
ఆళ్లకి సముద్రముంది."

ఒకసారి దాసన్నపేటలో వాళ్లింటికెళ్లాను,
బాకీ కోసమే.
గోడ నిండా మనుషులు.
మగ్గం లాగేసిన దారంలా మెడలు,
పక్కకి ఒరిగిన గుమ్మాలు,
ఎవరి నీడ వాళ్లని మింగుతున్న వీధిదీపం.
అసిరమ్మ బొమ్మలో తలకన్నా చెయ్యి పెద్దది.
"నా సెయ్యి అంతుంటాదేటి, మీరే సూడండి" అని
నవ్వుతూనే
ఆ చెయ్యి కొంగులో దాచుకుంది.

విశాఖ నించి ఒక కాలేజీ మేష్టారొచ్చాడు.
చాలాసేపు నిలబడి,
ఇది ఎక్స్‌ప్రెషనిజం అన్నాడు,
జర్మనీలో వందేళ్ల కిందటే ఇలా గీశారన్నాడు.
ఆ సాయంత్రం గవరయ్య నా కొట్టు మెట్టెక్కి
"ఆ కంపెనీ రంగు మన దగ్గిరుంటాదా?" అన్నాడు.
నేను కేటలాగు తీసి వెతికాను.
నిజంగానే వెతికాను.

తుఫాను రాత్రి రేకులు లేచిపోతే
అసిరమ్మ అన్నిట్లో పెద్ద పటం తెచ్చి
కట్టెల మీద కప్పింది.
తెల్లారి చూస్తే
నలభైమంది కార్మికులు వెల్లకిలా పడుకుని
నోళ్లు తెరిచి
వాన తాగుతున్నారు.
ఒక్క రంగూ కారలేదు.
ఎనామిల్ మా కొట్టుదే.

బాకీ రెండువేల మూడువందలు దాటాక
గోనెలో చుట్టి ఒకటి తెచ్చిచ్చాడు.
విప్పితే, నేను.
కళ్లు డబ్బా మూతలు.
నోరు సగం దించిన షట్టరు.
ఒక చెవి మాత్రం మొహమంత ఉంది,
పక్కింట్లో ఎవరో ఏడుస్తుంటే
వినీ విననట్టు నిక్కి ఉంది.
ఒళ్లు మండిపోయింది.
టర్పెంటైన్ డబ్బాల వెనక
గోడవైపు తిప్పి పెట్టేశాను.

పోయిన కార్తీకంలో గవరయ్య పోయాడు.
ఆ దగ్గుతోనే.
దినవారాలయ్యాక అసిరమ్మ వచ్చింది,
కొంగుముడిలో పది రూపాయల నోట్లు.
"పటంతో అన్నీ తీరిపోనాయంట.
పసుపు డబ్బా ఒకటే బాకీ అని
గోడ మీద బొగ్గుతో రాసుకున్నాడు."
లెక్కపెట్టింది. నూట పది.
వద్దనాల్సింది.
తీసుకున్నాను, రసీదు కూడా రాశాను.
పుచ్చుకుంటున్నప్పుడు చూశాను, ఆ చెయ్యి
బొమ్మలో ఉన్నంతే ఉంది.

షట్టరు దించబోతూ ఆగి
డబ్బాలు జరిపాను. దుమ్ము దులిపి
పటాన్ని ఇటు తిప్పి గల్లాపెట్టె పైన మేకుకి తగిలించాను.

మర్నాడు సున్నం బ్రష్షుకొచ్చిన కుర్రాడు
"ఎవరిది తాతా?" అన్నాడు.
నాదే అన్నాను.
దాన్నీ నన్నూ మార్చి మార్చి చూసి
"చెవి కలవలేదు" అన్నాడు.